నవలల్లో అపహృత స్త్రీ – కుటుంబ సంబంధాలు

ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• అపహరణకు, ఇష్టపూర్వకంగా ఇల్లు విడిచి వెళ్లడానికి, దాసిగా పంపడానికి మధ్య తేడాను గుర్తించగలుగుతారు.
• అపహృత స్త్రీ కథలో కుటుంబం నిర్వహించే పాత్రను వివరించగలుగుతారు.
• ఈ వస్తువు గల నవలను మూడు ప్రశ్నల ఆధారంగా విశ్లేషించగలుగుతారు.

1. విషయ పరిచయం

అపహరణ కథ అనగానే మనకు మొదట గుర్తుకు వచ్చేది రామాయణం. సీతను ఎత్తుకుపోయినవాడు రావణుడు. అయితే లంక నుంచి బయటపడ్డాక కూడా ఆమె కష్టం తీరలేదు. తనవారి ముందే ఆమె తన శీలాన్ని రుజువు చేసుకోవలసి వచ్చింది. ఆధునిక నవల ఈ రెండో ఘట్టాన్నే ప్రధాన వస్తువుగా స్వీకరించింది. అమ్మాయిని ఎవరు ఎత్తుకుపోయారనేది కథకు ప్రారంభం మాత్రమే. ఆమె తిరిగి వస్తే ఇంట్లోకి ఎవరు రానిస్తారనేదే అసలు ప్రశ్న.

2. పంజాబీ నవల ‘పింజర్’

అమృతా ప్రీతమ్ 1950లో ప్రచురించిన ఈ నవలలో రెండు కుటుంబాల మధ్య పాత పగ ఉంటుంది. ఆ పగ తీర్చుకోవడానికి రషీద్ అనే యువకుడు పూరోను ఎత్తుకుపోతాడు. ఆమె ఒక రాత్రి తప్పించుకుని పుట్టింటికి చేరుతుంది. తల్లిదండ్రులు ఆమెను లోపలికి రానివ్వరు. వారికి కూతురి మీద ప్రేమ లేక కాదు, పగవారికి, లోకానికి భయపడి. పూరో మళ్లీ రషీద్ దగ్గరికే వెళ్లవలసి వస్తుంది. అక్కడ ఆమె పేరు హమీదాగా మారుతుంది.

దేశ విభజన కాలంలో పూరో సోదరుడి భార్య లాజో కూడా అపహరణకు గురవుతుంది. ఈసారి కుటుంబం ఆమెను స్వీకరిస్తుంది. ఒకే కుటుంబం ఒకరికి తలుపు మూసి, మరొకరికి తెరిచింది. మారింది స్త్రీ ‘పవిత్రత’ కాదు, సమాజం అవసరం. తనవారితో వెళ్లే అవకాశం వచ్చినా పూరో వెళ్లదు.

ఆ నిర్ణయం విలువ తెలియాలంటే చరిత్రను చూడాలి. అపహృతుల పునఃప్రాప్తి కోసం భారత ప్రభుత్వం 1949లో ఒక చట్టం చేసింది. దాని ప్రకారం ఒక స్త్రీ అపహృతురాలా, కాదా అనే వివాదాన్ని ట్రిబ్యునల్ తేల్చేది. వెళ్లాలా, ఉండాలా అన్న విషయంలో ఆమె ఇష్టానికి చట్టం నిర్ణాయక స్థానం ఇవ్వలేదు. చట్టం అడగని ప్రశ్నను నవల అడిగింది.

3. తెలంగాణ: ఆడబాప

దొర కూతురు అత్తవారింటికి వెళ్లేటప్పుడు ఆమె వెంట దాసిగా పంపే అమ్మాయిని ఆడబాప అనేవారు. ఇక్కడ అర్ధరాత్రి ఎత్తుకుపోవడం ఉండదు. అందరూ చూస్తుండగానే పిల్ల తల్లిదండ్రులకు దూరమవుతుంది. ఆచారం పేరుతో జరిగింది కాబట్టి దాన్ని ఎవరూ నేరమనరు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవల ఈ వ్యవస్థను చిత్రించింది. అందులోని దొర కూతురు మంజరి, ఆడబాప వనజ పాత్రలను పక్కపక్కన పెట్టి చదవండి. ఒకే గడిలో ఉన్నా ఒకరికి కుటుంబం ఉంది, మరొకరికి యజమానులు మాత్రమే ఉన్నారు.

4. పోలిక కోసం మరి రెండు నవలలు

చలం ‘మైదానం’ (1927)లో రాజేశ్వరి తన ఇష్టంతోనే అమీర్ వెంట వెళుతుంది. కనుక దీన్ని అపహరణ నవల అనకూడదు. అయితే బలవంతంగా పోయినా, ఇష్టంగా పోయినా లోకం వేసే నింద ఒక్కటే. స్త్రీ ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోని సమాజానికి ఈ రెండింటి తేడా కనిపించదు.

హరి నారాయణ్ ఆప్టే మరాఠీ నవలను పి.వి. నరసింహారావు ‘అబలా జీవితం’ పేరుతో తెలుగు చేశారు. ఆయన స్వగ్రామం వంగర హుజూరాబాద్‌కు దూరం కాదు. ఈ నవలలో యమునను ఎవరూ ఎత్తుకుపోలేదు. భర్త మరణించాక అత్తింటివారే ఆమెకు బలవంతంగా శిరోముండనం చేయిస్తారు. గడప దాటకుండానే స్త్రీ తన జీవితంపై హక్కు కోల్పోవచ్చని ఈ కథ చెబుతుంది.

5. విశ్లేషణ పద్ధతి

ఇటువంటి నవల చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి.
(అ) ఆమెను తీసుకుపోవడం వల్ల ఎవరికి లాభం?
(ఆ) తిరిగి వచ్చినప్పుడు తలుపు తెరిచే అధికారం ఎవరిది?
(ఇ) కథ ఎవరి గొంతుతో నడుస్తోంది?
మూడో ప్రశ్న ముఖ్యమైనది. రాజేశ్వరి, యమున తమ కథలను తామే చెప్పుకుంటారు. అందువల్ల తీర్పు చెప్పే స్థానంలో లోకం కాక ఆ స్త్రీయే నిలుస్తుంది.

6. సారాంశం

అపహరణ ఒక రోజులో జరిగే నేరం. నిరాకరణ జీవితాంతం సాగే శిక్ష. మొదటిదానికి పరాయివాడు కారకుడైతే, రెండోదానికి చాలాసార్లు సొంతవారే కారకులు. తప్పిపోయి ఇల్లు చేరిన ఆడపిల్లను ‘ఏం జరిగింది?’ అని నిలదీసే ముందు ‘అన్నం తిన్నావా?’ అని అడగగలిగే ఇల్లు కావాలని ఈ నవలలు మనకు గుర్తు చేస్తాయి.

మాదిరి ప్రశ్నలు

1. పూరో, లాజోల పట్ల కుటుంబ వైఖరిలోని తేడాకు కారణాలు వివరించండి.
2. ఆడబాప వ్యవస్థను అపహరణగా పరిగణించవచ్చా? చర్చించండి.
3. అభ్యాసం: మీ ఊరి పెద్దలను అడిగి, ‘ఆడబాప’ అనే మాటను వారు ఏ అర్థంలో విన్నారో పది వాక్యాల్లో రాయండి. వ్యక్తుల పేర్లు రాయవద్దు.