ఎత్తు వేరు, విశాలం వేరు: కారు ఆసనం కథ

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ పటంలో కల్బా ఉనికి కొంత విచిత్రమైనది. పరిపాలన షార్జాది, ఊరు మాత్రం హజర్ పర్వతాలకు ఆవల, ఒమాన్ సింధుశాఖ ఒడ్డున, ఫుజైరాకు దక్షిణంగా ఉంది. 1936లో బ్రిటిష్ ప్రభుత్వం దీన్ని ప్రత్యేక సంస్థానంగా గుర్తించడానికి కారణం కూడా ప్రయాణమే: ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాలు అత్యవసరంగా దిగడానికి ఇక్కడ ఒక మైదానం కావలసివచ్చింది. నేడు హైదరాబాదు నుంచి వచ్చే పెద్దవాళ్ళు దుబాయ్‌లోనో షార్జాలోనో దిగుతారు. దాదాపు నాలుగు గంటల విమానం తరువాత, కొండల నడుమ, వాదీ అల్ హెలో సొరంగం గుండా, నూరు కిలోమీటర్లకు పైబడిన కారు ప్రయాణం. అందుకే ఇటువంటి చోట ఎస్‌యూవీ కొనాలా, చిన్న సెడాన్ చాలునా అన్న ప్రశ్న హోదాతో తీరేది కాదు. అది నడుముకూ, మోకాళ్ళకూ, కాళ్ళలోని సిరలకూ సంబంధించినది.

ముందుగా పేర్ల సంగతి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ సెడాన్లను లోపలి ఘనపరిమాణాన్ని బట్టి విభజిస్తుంది. మనుషుల చోటూ, సామాను చోటూ కలిపి 100 ఘనపుటడుగులకు తగ్గక, 110కి లోబడి ఉంటే అది కాంపాక్ట్. ఎస్‌యూవీలను మాత్రం బరువును బట్టి విభజిస్తుంది. సామానుతో, మనుషులతో కలిపి అనుమతించిన గరిష్ఠ భారం 6,000 పౌండ్ల లోపైతే చిన్నది, మించితే ప్రామాణికం. అంటే మొదటి పేరు లోపలి చోటును చెబుతుంది, రెండవది చెప్పదు. రెంటినీ పక్కపక్కన పెట్టి, పేరును బట్టి విశాలాన్ని ఊహించడం కిలోలతో గజాలను పోల్చడం వంటిదే.

కొలతలు చూస్తే ఇంకో ఆశ్చర్యం. 2019లో వచ్చిన తరం టయోటా రావ్4 ఎస్‌యూవీలో ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 2,690 మిల్లీమీటర్లు. దాని తరువాత వచ్చిన కొరోలా సెడాన్‌లో 2,700. అనంతపురం ప్రాంతపు పెనుకొండ వద్ద కియా కర్మాగారంలో 2019 నుంచి తయారైన మొదటి తరం సెల్టోస్‌లో ఇది 2,610. అదే సంస్థవారి సెరాటో సెడాన్‌లో 2,700. చూపుకు భారీగా కనిపించే బండికే పునాది పొట్టిది.

అయినా అమెరికా విపణి లెక్కల ప్రకారం వెనుక సీటులో కాళ్ళ చోటు కొరోలాలో 34.8 అంగుళాలు, రావ్4లో 37.8. ఆ మూడంగుళాలు ఎక్కడి నుంచి వచ్చాయి? చాలావరకు ఎత్తు నుంచి. పడక కుర్చీకి పట్టినంత నేల మామూలు కుర్చీకి పట్టదు. ఎస్‌యూవీలో మనిషిని ఎత్తుగా, నిటారుగా కూర్చోబెడతారు. పాదాలు ముందుకు చాచడానికి బదులు కిందికి దిగుతాయి. అదే ముందు సీటులో లెక్క తిరగబడుతుంది: కొరోలాలో 42 అంగుళాలు, రావ్4లో 41. పైగా ఇది సెడాన్లన్నింటికీ వర్తించే లోపమూ కాదు. 2022 హోండా సివిక్ సెడాన్ వెనుక సీటులో 37.4 అంగుళాలున్నాయి. ఆ ఒక్క సంఖ్య చాలు, వాదన సగం తేలిపోతుంది.

ఈ కాళ్ళ చోటును కొలిచే పద్ధతి కూడా తెలుసుకోదగినది. కొలతకు వాడే బొమ్మ కాళ్ళు పొడగరి పురుషుడివి. దాని చీలమండ నుంచి తుంటి కీలు దాకా కొలిచి, దానికి పది అంగుళాలు కలుపుతారు. అయిదడుగుల ఎత్తున్న అమ్మమ్మకు ఆ సంఖ్యతో పని లేదు. ఆమెకు కావలసిన కొలతలు వేరు. సీటు మెత్త మరీ పొడవైతే దాని అంచు మోకాలి వెనుక మడతను నొక్కుతుంది. ఆ నొప్పి తప్పించుకోవడానికి ఆమె ముందుకు జరుగుతుంది, నడుము వెనుక ఊతం పోతుంది. మెత్త నేలకు మరీ ఎత్తుగా ఉంటే పాదాలు వేలాడతాయి, తొడల బరువంతా ఆ అంచు మీదే పడుతుంది.

దీని వెనుక వైద్యశాస్త్రం పాతదే. స్వీడన్ వైద్యుడు బెంగ్ట్ ఓకర్‌బ్లూమ్ 1948లోనే ఆసనంలో నడుముకు ఊతం అవసరమని వాదించాడు. 1953లో అమెరికా శస్త్రవైద్యుడు కీగన్ ఎక్స్‌రే చిత్రాలతో చూపినదేమంటే, మొండేనికీ తొడకూ మధ్య కోణం సుమారు 135 డిగ్రీలున్నప్పుడు వెన్ను తన సహజమైన వంపుకు దగ్గరగా ఉంటుంది. కోణం తగ్గేకొద్దీ తొడ వెనుక కండరాలు కటిని వెనక్కు తిప్పుతాయి, నడుము వద్ద లోవంపు చదునవుతుంది. 1974లో ఆండర్సన్ బృందం కారు డ్రైవరు సీటులో డిస్కుల లోపలి పీడనాన్ని కొలిచింది. వీపు ఆనే భాగాన్ని వెనక్కు వాల్చినా, నడుముకు ఊతమిచ్చినా ఆ పీడనం తగ్గింది. గమనించదగిన విషయం: ఈ రెండు సవరణలకూ బండి ఎత్తుతో నిమిత్తం లేదు.

ఎత్తు నిజంగా ఉపకరించేది ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ. సీటు తుంటి ఎత్తుకు దగ్గరగా ఉంటే అరిగిన మోకాళ్ళకు శ్రమ తక్కువ. తుంటి కీలు మార్పిడి చేయించుకున్నవారిని కొంతకాలం తుంటిని 90 డిగ్రీలకు మించి వంచవద్దంటారు; వారికి పల్లపు సెడాన్ ఇబ్బందే. కానీ గడప మరీ ఎత్తైతే, చీర కట్టుకున్న పొట్టి మనిషికి ఒంటికాలి మీద పైకి లేవడం అంతకన్న కష్టం. అందుచేత పెద్ద ఎస్‌యూవీకన్న మధ్యరకం ఎత్తున్నదే వృద్ధులకు నయం.

వంకర దారిలో మరో చిక్కు. బండి పక్కకు ఒరిగే అక్షానికి ఎంత పైన కూర్చుంటే తల అంత ఎక్కువ ఊగుతుంది; కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారికి సెడాన్ దయగలది. ఇక కూర్చున్న మనిషి వెన్ను క్షణానికి నాలుగైదు సార్లు వచ్చే నిలువు కంపనానికి ఎక్కువగా స్పందిస్తుంది. దీన్ని తగ్గించేది స్ప్రింగులు, టైర్లు, సీటు మెత్తన. ఒళ్ళు పెద్దదైనంత మాత్రాన తగ్గదు. లారీల తరహా చట్రం మీద కట్టిన ఎస్‌యూవీలు ఇసుకకు మంచివే, నడుముకు అన్నివేళలా కాదు.

మూడవ వరుస గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. చాలా బండ్లలో అక్కడ నేల ఎత్తు, మెత్త పల్లం. పెద్దవాళ్ళు గొంతుక్కూర్చున్నట్టే ఉంటుంది. 2017 నుంచి ఈ దేశంలో నాలుగేళ్ళ లోపు పిల్లలకు ప్రత్యేక సీటు తప్పనిసరి కావడంతో, రెండవ వరుసలో పిల్లల సీటు బిగించి, తాతను వెనక్కు పంపే కుటుంబాలుంటాయి. ఇది తలకిందులైన ఏర్పాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 నివేదిక ప్రకారం, కదలకుండా కూర్చుని నాలుగు గంటలు మించి ప్రయాణిస్తే సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు సుమారు రెట్టింపవుతుంది. ఆరోగ్యవంతుల్లో అది ఆరువేల మందిలో ఒకరికి. విమానానికి కారు కలిస్తే ఆ నాలుగు గంటలు సులభంగా దాటుతాయి. తాత కాళ్ళు చాచగలిగే చోట కూర్చోవాలి.

షోరూముకు వెళ్ళేటప్పుడు ఆ పెద్దవాళ్ళనే వెంట తీసుకువెళ్ళాలి. డ్రైవరు సీటును నడిపేవారి కొలతకు సరిచేసి, దాని వెనుక వారిని పావుగంటైనా కూర్చోబెట్టాలి. వీపు పూర్తిగా ఆనినప్పుడు మెత్త అంచుకూ మోకాలి మడతకూ మధ్య రెండు మూడు వేళ్ళు పట్టాలి, పాదాలు నేలకు ఆనాలి. నడుము దగ్గర ఖాళీ మిగిలితే ఒక చేతి తువ్వాలు చుట్టి పెట్టి చూడాలి. ఆ తువ్వాలుతో కొరోలా వెనుక సీటు సరిపోయే కుటుంబాలు తక్కువేమీ కాదు.