కరెంటు పోయినా... షాపు ఫోన్ మోగాలి!

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచేసిన రోజు. కృష్ణకు ఇవతల తాడేపల్లిలో మా మెడికల్ షాపులోనూ కరెంటు లేదు. నాన్న ముందే ఇన్సులిన్‌ని ఐస్ బాక్సులోకి మార్చారు. ‘ఈ వానలో ఎవరు ఫోన్ చేస్తారులే’ అనుకున్నాం.

సాయంత్రం ఒకతను తడిసి ముద్దై వచ్చాడు. ‘‘బాబాయ్, అమ్మకి ఇన్సులిన్ అయిపోయింది. పొద్దున్నుంచి ఎన్నిసార్లు చేశానో, ఒక్కసారీ కలవలేదు!’’

అప్పుడు చూశాను. ఫోన్ డెడ్! మందు జాగ్రత్తగానే ఉంది. ఉందని చెప్పే దారే లేదు.

పాత ఫోన్ ఎలా మోగేది?

నా చిన్నప్పుడు కరెంటు పోయినా ల్యాండ్‌లైన్ మోగేది. ఎందుకంటే ఎక్స్ఛేంజ్‌లోని బ్యాటరీల నుంచి 48 వోల్టుల కరెంటు రాగి తీగలోనే వచ్చేది. ఫైబర్‌లో వచ్చేది వెలుగు మాత్రమే. మన దగ్గరి రౌటర్‌కి కరెంటు మనమే ఇవ్వాలి. అది ఆగితే ఫోనూ ఆగినట్టే.

మేం ఏం చేశామంటే...

రౌటర్‌కి మినీ యూపీఎస్ పెట్టాం. కొనేముందు అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసుకోండి. చాలావాటికి 12 వోల్టులు.

కానీ టవరే ఆగితే? వాటికీ బ్యాటరీ, డీజిల్ అయిపోతాయి. అందుకే బోర్డు మీద మొబైల్ నంబర్ కూడా రాయించాం. అది అందకపోతే కాల్ గుంటూరులోని పిన్నికి వెళ్తుంది. ఆమెది వేరే నెట్‌వర్క్. ‘షాపు తెరిచే ఉంది, రండి’ అని ఆమె చెప్పినా చాలు కదా!

ఈ ఫార్వర్డింగ్ ముందే పెట్టుకోవాలి. స్టార్ కోడ్‌లతో చేసే ఫార్వర్డింగ్‌ను మోసాల వల్ల 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపమని టెలికాం శాఖ ఆదేశించింది. కాబట్టి ఎలా పెట్టాలో మీ కస్టమర్ కేర్‌నే అడగండి. ఎవరో ఫోన్ చేసి ఏదో కోడ్ కొట్టమంటే మాత్రం కొట్టొద్దు. మీ కాల్స్ వాళ్లకి వెళ్లిపోతాయి.

ఇప్పుడు నెలకోసారి మెయిన్ ఆఫ్ చేసి, బయటి నుంచి షాపుకి రింగ్ ఇస్తాను. ‘‘మళ్లీ మొదలెట్టావా!’’ అని నాన్న విసుక్కుంటారు. కానీ ఫోన్ మాత్రం ఎత్తుతారు.

మీ షాపుకీ ఈ ఆదివారం ఓ రింగ్ ఇచ్చి చూడండి.