మూత్రపిండం లేదు, దాని కాన్సర్ ఉంది!

ఒకరి మూత్రపిండంలో కాన్సర్ గడ్డ లేచిందనుకోండి. మూత్రపిండాన్నే తీసివేశారు. 15 ఏళ్ళ తరువాత ఊపిరితిత్తిలో గడ్డ! పరీక్షిస్తే అది మూత్రపిండపు కాన్సరే. ఎలా వచ్చింది?

రెండు మూత్రపిండాల గుండా నిమిషానికి సుమారు 1 లీటరు రక్తం పారుతుంది. శస్త్రచికిత్సకు ముందే కొన్ని కాన్సర్ కణాలు అందులో కలిసిపోయి ఉంటాయి. ఆ రక్తం మహాసిర గుండా గుండె కుడిభాగానికి, అక్కడినుండి ఊపిరితిత్తులకు పోతుంది కదా! అక్కడి కేశనాళికలలో చిక్కుకున్న కణాలు ఒక్కొక్కప్పుడు 20 ఏళ్ళకు పైగా బయటపడకుండా ఉండిపోగలవు.

ఊపిరితిత్తిలోనే పుట్టిన కాన్సర్‌కు, దీనికి మందులు వేరు. అందుకే పాత ఆపరేషన్ సంగతి ఎన్నేళ్ళయినా డాక్టరుకు చెప్పాలి. ఇక సాక్ష్యం చెప్పేది సూక్ష్మదర్శిని. ఈ కణాల నిండా సాధారణంగా కొవ్వు, గ్లైకోజన్ ఉంటాయి. పరీక్షకు పలుచని ముక్క తయారుచేసేటప్పుడు అవి కరిగిపోయి, కణాలు ఖాళీ గదుల్లా కనిపిస్తాయి.