తోక ఆనించని పిట్ట: 1831 నాటి కలకత్తా జాబితా నుంచి తెగని చిక్కుముడి

చెట్టు బెరడును పట్టుకుని నిట్టనిలువుగా పాకే పిట్ట అనగానే మనకు వడ్రంగి పిట్ట గుర్తొస్తుంది. అదే పని చేసే ఇంకో చిన్న పిట్ట మన దేశంలో ఉంది. పేరు ఇండియన్ స్పాటెడ్ క్రీపర్. పొడవు 15 సెంటీమీటర్ల లోపే. ముదురు రంగు ఒంటి నిండా తెల్ల చుక్కలు, కొద్దిగా వంగిన సన్నటి ముక్కు. ఇది ఏ పక్షుల కుటుంబానికి చెందుతుందన్న ప్రశ్న మాత్రం చాలాకాలం నలిగింది.

కథ కోల్‌కతాలో మొదలైంది. బెంగాల్ సైన్యాధికారి మేజర్ జేమ్స్ ఫ్రాంక్లిన్ ఇక్కడి ఏషియాటిక్ సొసైటీ కోసం పక్షులను సేకరించారు. కలకత్తా నుంచి గంగ వెంట బెనారస్ దాకా, అక్కడి నుంచి వింధ్య కొండల మీదుగా నర్మద వైపు సాగిందా సేకరణ. (ఆర్కిటిక్ యాత్రికుడు జాన్ ఫ్రాంక్లిన్ ఈయన సోదరుడే.) 1831లో లండన్‌లో అచ్చయిన జాబితాలో ఈ పిట్టకు ‘సెర్తియా స్పైలోనోటా’ అని పేరు పెట్టారు. స్పైలోనోటా అంటే వీపు మీద చుక్కలున్నది. సెర్తియా అనేది యూరప్‌లో, హిమాలయాల్లో కనిపించే ట్రీక్రీపర్ల ప్రజాతి. 1847లో జి.ఆర్. గ్రే దీన్ని అందులోంచి విడదీసి ‘సాల్పోర్నిస్’ అనే కొత్త ప్రజాతి కట్టారు.

తోక చెప్పిన సాక్ష్యం

ట్రీక్రీపర్ చెట్టెక్కేటప్పుడు బిరుసైన తోకను బెరడుకు ఊతకర్రలా ఆనించుకుంటుంది. సాల్పోర్నిస్ తోక మెత్తన, ఊతానికి పనికిరాదు. భారమంతా కాళ్లదే. బరువేమో 16 గ్రాముల వరకూ, అంత పొడవున్న ట్రీక్రీపర్‌కు దాదాపు రెట్టింపు! గూడూ వేరు. ట్రీక్రీపర్ ఊడిన బెరడు వెనక దాక్కుని గూడు కడుతుంది. ఇది అడ్డకొమ్మ మీద బాహాటంగా చిన్న గిన్నెలా అల్లి, సాలెగూళ్లు, లైకెన్లు అంటించి కొమ్మలో కలిసిపోయేలా చేస్తుంది. అందుకే కొందరు దీన్ని తోక సాయం లేకుండానే చెట్లెక్కే నట్‌హ్యాచ్‌ల పక్కన చేర్చారు.

పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం ఉండదు. దక్షిణ అమెరికా అడవుల్లోని వుడ్‌క్రీపర్లు అచ్చం ట్రీక్రీపర్లలాగే తోక ఆనించి ఎక్కుతాయి. కానీ వాటి దగ్గరి బంధువులు మట్టితో పొయ్యిలాంటి గూడు కట్టే ఓవెన్‌బర్డ్‌లు. తెలుగువారికి ఈ వాదన కొత్తేమీ కాదు. తెలుగు నిండా సంస్కృత పదాలున్నా అది సంస్కృతం నుంచి పుట్టలేదని 1816లోనే మద్రాసులో ఎల్లిస్ చూపించాడు.

చివరకు డీఎన్ఏ పరిశోధనలు సాల్పోర్నిస్‌ను ట్రీక్రీపర్ల వైపే తెచ్చాయి. అయితే దగ్గరి చుట్టం కాదు, ఎప్పుడో విడిపోయిన పాత శాఖ. అందుకే అదే కుటుంబంలో దానికి విడిగా ఓ ఉపకుటుంబం ఇస్తున్నారు. ఫ్రాంక్లిన్ అంచనా పూర్తిగా తప్పలేదన్నమాట.

ఒకటా, రెండా?

అసలు పట్టింపు ఇక్కడుంది. సహారాకు దక్షిణాన ఆఫ్రికాలోనూ ఇలాంటి పిట్టే ఉంది. చాలాకాలం రెండింటినీ ఒకే జాతిగా లెక్కించారు. 2010లో డీటర్ టీట్సే, యొఖెన్ మార్టెన్స్ ఆకారాన్నీ కూతనూ పోల్చి తేడాలు చూపారు. ఇప్పుడు ప్రధాన ప్రపంచ జాబితాలు వీటిని రెండు జాతులుగా చూపుతున్నాయి. ఆఫ్రికా పిట్టకు 1878 నాటి ‘సాల్వడోరి’ పేరు దక్కింది. ముందు పెట్టిన పేరు కాబట్టి ‘స్పైలోనోటా’ మనదానికే మిగిలింది.

ఒకే జాతిగా ఉన్నన్నాళ్లూ ఇక్కడ ఈ పిట్ట తగ్గిపోయినా, ఆఫ్రికాలో బోలెడున్నాయన్న లెక్కలో అది కనబడేది కాదు. ఇప్పుడు ఇది భారత్‌లో తప్ప మరెక్కడా లేని పక్షి. ఉండేది దట్టమైన అడవిలో కాదు, గరుకు బెరడున్న పాత చెట్లు మిగిలిన పొడి నేలల్లో. రాజస్థాన్‌లో అయితే జమ్మి చెట్ల మీద. పులుల అభయారణ్యానికి దొరికే శ్రద్ధ ఇలాంటి చెట్ల తోపులకు దొరకదు.