రీలు అరిగిపోక ముందే

జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటర్ కోసం అమ్మిన క్యాసెట్‌ను మామూలు టేప్ రికార్డర్‌లో పెట్టి వింటే పాటా రాదు, మాటా రాదు. ముందు అయిదు సెకన్ల పాటు ఎడతెగని ఈల. వెంటనే రెప్పపాటులో ముగిసే చిన్న గరగర. కాస్త నిశ్శబ్దం. మళ్లీ రెండు సెకన్ల ఈల. ఆపైన నిమిషాల తరబడి కర్ణకఠోరమైన రొద. మనకు రొదే కానీ, ఆ రొదలో ఒక ఆట మొత్తం ఉంది: బొమ్మలు, నియమాలు, అంకెలు, అన్నీ. ఆ రొదకు నకలు తీయడానికి అప్పటి పిల్లలూ పెద్దలూ వాడిన చిన్న ప్రోగ్రాములను టేప్ కాపీయర్లు అనేవారు. గృహ కంప్యూటర్ల చరిత్రలో వాటికి రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం.

స్పెక్ట్రమ్‌ను 1982 ఏప్రిల్ 23న ఇంగ్లండులో సింక్లెయిర్ రీసెర్చ్ సంస్థ విడుదల చేసింది. 16 కిలోబైట్ల మెమరీ ఉన్నది 125 పౌండ్లు, 48 కిలోబైట్లది 175 పౌండ్లు. అంత తక్కువ ధరకు ఎలా ఇచ్చారంటే, తెర బదులు ఇంట్లో ఉన్న టీవీ, నిల్వకు ఇంట్లో ఉన్న టేప్ రికార్డర్. ఫ్లాపీ డ్రైవ్ కొనే స్తోమత ఎక్కువ ఇళ్లకు లేదు. 1980ల రెండో సగంలో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ లైసెన్సు తీసుకుని స్పెక్ట్రమ్ ప్లస్‌ను మన దేశంలోనూ అమ్మింది. సినిమా పాటలు వినే టూ-ఇన్-వన్‌కే ఇక్కడి ఇళ్లలోనూ రెండు తీగలు తగిలించి ప్రోగ్రాములు ఎక్కించుకున్నారు.

ఆ టేపు మీద ఏమి ఉంటుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. క్యాసెట్‌లో రీలు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. స్పెక్ట్రమ్ సున్నాను రాయడానికి సెకనులో సుమారు రెండు వేలో వంతు సమయం తీసుకుంటుంది. ఒకటిని రాయడానికి దానికి రెట్టింపు. అంటే రీలు మీద ఒక సున్నా పట్టే చోటు దాదాపు 23 మైక్రాన్లు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్లు అనుకుంటే, ఆ మందంలో మూడు సున్నాలు ఇముడుతాయి. 48 కిలోబైట్లు నిండా ఉన్న ప్రోగ్రాములో ఇలాంటి బిట్లు 3,93,216. అదంతా ప్లాస్టిక్ పట్టీ మీద పూసిన ఇనుప ఆక్సైడ్ పొడిలో ఉంది. ఆ పూత హెడ్‌కు రాసుకున్న ప్రతిసారీ కాస్త కాస్త రాలుతుంది. రీలు ముడత పడుతుంది, సాగుతుంది. రోలరుకు చుట్టుకుపోతే నటరాజ్ పెన్సిల్‌ను చక్రంలో దూర్చి మెల్లగా తిప్పి వెనక్కి లాగిన అనుభవం ఆ తరం వాళ్లందరికీ ఉంటుంది.

పాట మధ్యలో ఒక్క క్షణం తడబడితే చెవి సర్దుకుపోతుంది. ప్రోగ్రాము సర్దుకోదు. అయిదు నిమిషాలు ఊపిరి బిగబట్టి చూశాక, చివరి సెకనులో ఒక్క బిట్ తేడా వచ్చినా తెర కింద ‘ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్’ అని పడుతుంది. మళ్లీ మొదటి నుంచి. అందుకే, డబ్బు పెట్టి కొన్న క్యాసెట్‌ను బీరువాలో దాచి, నకలుతో పని నడుపుకోవడం తెలివైన పద్ధతి.

నకలు తీయాలంటే రెండు క్యాసెట్లు పట్టే డబుల్ డెక్ చాలదా? ఒకసారికి చాలవచ్చు. కానీ డబుల్ డెక్ చేసేది శబ్దానికి నకలు. అసలులో ఉన్న బుసబుస నకలులోకి వస్తుంది, దానికి కొత్త బుసబుస తోడవుతుంది. ఒక మోటారు తడబాటుకు ఇంకో మోటారు తడబాటు కలుస్తుంది. నకలుకు నకలు, దానికి మరో నకలు అంటూ పోతే మూడో నాలుగో తరానికి కంప్యూటర్ చేతులెత్తేస్తుంది.

కాపీయర్ చేసేది అది కాదు. అది శబ్దాన్ని మోయదు, చదువుతుంది. మన తాళపత్రాల సంగతి గుర్తు చేసుకోండి. చెదలు తిన్న ఆకును ఉన్నదున్నట్టు బొమ్మ తీస్తే చెదల చిల్లులూ బొమ్మలోకి వస్తాయి. చదవగలిగిన లేఖకుడు కూర్చుని, అరిగిన అక్షరాన్ని పోల్చుకుని, కొత్త ఆకు మీద గంటంతో మళ్లీ రాస్తే అక్షరం కొత్తగా పుడుతుంది. కడపలో సి.పి. బ్రౌన్ పండితులకు జీతాలిచ్చి చేయించినది ఈ పనే. కాపీయర్ అలాంటి లేఖకుడు. టేపు నుంచి వచ్చే ఒక్కో కంపనం ఎంతసేపు ఉందో కొలుస్తుంది. పొట్టిదైతే సున్నా, పొడుగుదైతే ఒకటి. మధ్యలో కాస్త అటూ ఇటూ ఉన్నా ఏదో ఒక వైపుకు తేలుస్తుంది. అలా తేల్చిన బిట్లను మెమరీలో పెట్టుకుని, తిరిగి రాసేటప్పుడు తన గడియారం ప్రకారం రాస్తుంది. స్పెక్ట్రమ్ ప్రాసెసర్ సెకనుకు 35 లక్షల టిక్కులు కొడుతుంది. సున్నాకు 855 టిక్కుల అర కంపనాలు రెండు, ఒకటికి 1,710 టిక్కులవి రెండు. మూలం ఎంత తడబడినా నకలుకు పంపే సంకేతం కొలత తప్పదు. సరిగ్గా చదవగలిగితే చాలు, పదో తరం నకలు మొదటి దానికి ఏమాత్రం తీసిపోదు.

వాడే తీరు చూద్దాం. కాపీయర్‌ను లోడ్ చేసి, అసలు క్యాసెట్ పెట్టి ప్లే నొక్కుతాం. ఈల వినబడగానే టీవీ తెర అంచున ఎరుపు, లేత నీలం చారలు పరుగెడతాయి. డేటా మొదలుకాగానే అవి ముదురు నీలం, పసుపు సన్న గీతలుగా మారి వణుకుతాయి. ముందు వచ్చిన చిన్న గరగర ఉంది చూశారూ, అది హెడర్. అందులో 17 బైట్లలో రాబోయే ఫైలు రకం, పది అక్షరాల పేరు, పొడవు, మెమరీలో ఏ చోటుకు చేరాలన్న సమాచారం ఉంటాయి. కాపీయర్ వాటిని వరసగా తెర మీద చూపిస్తుంది. అన్నీ వచ్చాక టేపు ఆపి, ఖాళీ క్యాసెట్ పెట్టి, రికార్డు మీట నొక్కి, సేవ్ అనాలి. తర్వాత వెనక్కి తిప్పి సరిచూసుకోవాలి. ఈ చివరి పని బద్ధకించిన వాళ్లు తర్వాత బాధపడ్డారు.

అసలు చిక్కు మెమరీలో ఉంది. కాపీయర్ ఉండాల్సిందీ, అది మోయాల్సిన ఆట ఉండాల్సిందీ ఆ 48 కిలోబైట్లలోనే. చిన్న అద్దె గదిలోకి పెళ్లివారి సామాను దించినట్టు. తెర బొమ్మకే 6,912 బైట్లు పోతాయి. బేసిక్ భాష తన లెక్కల కోసం ఇంకొంత పట్టుకుంటుంది. మిగిలేది 41 వేల చిల్లర. పెద్ద ఆట ఇందులో పట్టదు. అప్పుడు ఆ ప్రోగ్రామర్లు చేసిన పని చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. కాపీయర్‌ను కొన్ని వందల బైట్లకు కుదించి, తెర బొమ్మకు కేటాయించిన మెమరీలోనే కూర్చోబెట్టారు. వాడుతున్నప్పుడు తెర మీద ఒక మూల అర్థం లేని చుక్కలు కనబడేవి. ఆ చుక్కలే ప్రోగ్రాము! కొందరు వచ్చే డేటాను వచ్చినట్టే కుదించి దాచుకునే కాపీయర్లూ రాశారు.

దీనికంతటికీ ఊతమిచ్చిన పుస్తకం ఒకటుంది. ఇయాన్ లోగన్, ఫ్రాంక్ ఓ’హారా స్పెక్ట్రమ్ రోమ్‌లోని ప్రతి ఆదేశాన్నీ విప్పి వ్యాఖ్యానిస్తూ 1983లో అచ్చువేసిన గ్రంథం అది. (రోమ్ అంటే చెరిగిపోని 16 కిలోబైట్ల శాశ్వత మెమరీ.) టేపు చదివే భాగం ఎలా పనిచేస్తుందో అందరికీ తెలిసింది.

తప్పును పట్టుకునే పద్ధతి కూడా చెప్పుకోదగ్గది. ప్రతి ముక్క చివర ఒక బైటు అదనంగా ఉంటుంది. బైట్లన్నీ ఒకదాని కింద ఒకటి రాసి, ఒక్కో నిలువు వరసలో ఒకట్లు ఎన్ని ఉన్నాయో చూడండి. బేసి సంఖ్య అయితే 1, సరి సంఖ్య అయితే 0. అలా వచ్చిన ఎనిమిది అంకెలే ఆ చివరి బైటు. చదివాక లెక్క కుదరకపోతే ఎక్కడో తప్పు జరిగినట్టే. ఎక్కడో మాత్రం చెప్పదు. ఒకే వరసలో రెండు తప్పులు వస్తే పట్టుకోలేదు కూడా.

చేతిపనిలో మెలకువలు వేరు. క్యాసెట్ మొదట్లో కొన్ని సెకన్లు పూత లేని ఉత్త ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది, దాన్ని దాటించి రికార్డు చేయాలి. రాసేటప్పుడు ‘ఇయర్’ తీగ పీకేయాలి, లేకపోతే శబ్దం గిర్రున తిరిగి వచ్చి పాడుచేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం హెడ్ పక్కన ఉండే చిన్న స్క్రూ. ఒక మిత్రుడి పాత క్యాసెట్ ఎంతకీ లోడ్ కాకపోతే, సన్న స్క్రూడ్రైవర్‌తో దాన్ని వెంట్రుకవాసి తిప్పుతూ విన్నాను. మూసిన తలుపు వెనక నుంచి వస్తున్నట్టున్న ఈల ఒక్కసారి పదునెక్కింది. హెడ్ ఒరుగు టేపు ఒరుగుతో కలిసిందన్నమాట. చదవడానికి అలా తిప్పాం కానీ, నకలు రాసే ముందు స్క్రూను మళ్లీ మామూలు స్థానానికి తెచ్చాం. ఒరిగిన హెడ్‌తో రాస్తే ఆ వంకర నకలుకూ అంటుకుంటుంది.

ఆటల కంపెనీలు ఊరుకోలేదు. నకళ్లతో అమ్మకాలు పడిపోయాయి, వాళ్ల బాధ నిజమైనదే. 1984లో వచ్చిన జెట్ సెట్ విల్లీ ఆట పెట్టెలో రంగుల గళ్ల కార్డు పెట్టారు. అందులోని రంగులు చెబితేనే ఆట సాగుతుంది. కొందరు హెడర్ తీసేశారు, కొందరు వేగం పెంచారు. స్పీడ్‌లాక్ లాంటి రక్షణలు మామూలు కాపీయర్లను ఓడించాయి. అప్పుడు రొమాంటిక్ రోబోట్ సంస్థ మల్టీఫేస్ అనే పరికరం తెచ్చింది. కంప్యూటర్ వెనక తగిలించి, ఆట నడుస్తుండగా ఎర్ర మీట నొక్కితే ఆట ఉన్నచోటే ఆగిపోతుంది. ఆ క్షణంలో మెమరీలో ఏముందో అంతా సేవ్ చేసుకోవచ్చు. న్యాయంగా కొన్నవాడు తన రక్షణకు నకలు తీసుకోవడాన్ని మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ 1994 సవరణతో స్పష్టంగా అనుమతించింది. నకళ్లు తీసి అమ్ముకోవడం వేరే సంగతి, అది ఆ ఆట రాసినవాడి కూడు లాక్కోవడమే.

ఆనాటి వ్యాపార ఆటల్లో చాలా వాటిని ఔత్సాహికులు ఎప్పుడో ఫైళ్లుగా భద్రపరిచారు. భద్రం కానివి వేరే ఉన్నాయి. సెలవుల్లో రబ్బరు మీటల మీద మీరు కొట్టిన బేసిక్ ప్రోగ్రాము, చెల్లెలి కోసం రాసిన ఎక్కాల ఆట, కిరాణా కొట్టు లెక్క. వాటికి లోకంలో ఉన్నది ఆ ఒక్క క్యాసెట్టే. అటక మీద అలాంటిది ఉంటే ఈ వారమే దింపండి. ముందు ఒకసారి మొత్తం ముందుకూ వెనక్కూ తిప్పి బిగువు సరిచేయండి, హెడ్‌ను స్పిరిట్ అద్దిన దూదితో తుడవండి, టేప్ రికార్డర్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి ల్యాప్‌టాప్‌కు తీగ కలిపి, ఎంపీ3 కాకుండా వేవ్ ఫైలుగా రికార్డు చేయండి. ఆ శబ్దం నుంచి బిట్లు ఏరే ప్రోగ్రాములు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి.