మాగిన అరటిపండ్లు, ఓట్సు: ఇంట కాల్చుకొను బిస్కత్తులు



తోట గంట కొట్టకమునుపే లేచి, పిల్లవాని చేతిలో ఒక గ్లాసు టీయు నాలుగు బిస్కత్తులును పెట్టి పనికి పరుగెత్తు తల్లిని నిందించుటకై నేనీ సంగతి వ్రాయుటలేదు. నేనును లైను ఇంటిలో పుట్టి పెరిగినదాననే. నా తల్లియు అట్లే చేసెను. అయితే ఆ బిస్కత్తునకు బదులుగా, నల్లబడిన అరటిపండ్లతో, చక్కెర వేయకయే ఇంటిలో చేసికొనదగిన యొక బిస్కత్తును దూరదేశమున చూచి వచ్చితిని. దానివలన కలుగు మేలును, దాని విషయమై మా బంధువుల యింట జరిగిన పొరపాటును, రెండింటిని ఉన్నదున్నట్లు చెప్పెదను.

గత వేసవిలో అమెరికాలో నా చెల్లెలి కుమార్తె యింట కొన్ని వారములుంటిని. వారు కాపురముండు ఊరు వర్జీనియా రాష్ట్రములోని షాంటిలీ. అది వాషింగ్టను నగరమునకు పడమట, డల్లెస్ విమానాశ్రయమునకు చేరువగా నున్నది. కంప్యూటరు ఉద్యోగములకై వచ్చిన తెలుగు కుటుంబములు ఆ ప్రాంతమున అనేకము గలవు. వీధిలో నడచుచుండగా మన మాట చెవిని పడినప్పుడు నాకు కలిగిన సంతోషము చెప్పనలవికాదు.

షాంటిలీ యనునది మొదట ఒక తోట బంగళా పేరని అక్కడికి పోయిన పిమ్మటనే నాకు తెలిసినది. ఆ బంగళా 1861 మొదలు 1865 వరకు జరిగిన అంతర్యుద్ధకాలమున కాలిపోయెను. పేరు మాత్రము ఊరికి నిలిచెను. దానికి సమీపముననే సల్లీ యను మరియొక తోట బంగళా నేటికిని చెక్కుచెదరక యున్నది. అమెరికా మొదటి కాంగ్రెసు సభలో సభ్యుడైయుండిన రిచర్డు బ్లాండు లీ యనునాతడు 1794లో దానిని కట్టించెను. ఒక శనివారము మా అమ్మాయి నన్నచ్చటికి తీసికొనిపోయెను. ఆ తోటను సాగుచేసినవారు జీతగాండ్రు కారు. బానిసలుగా కొనబడిన ఆఫ్రికా జాతివారు. దొరగారి యింటికి వేరుగా కట్టిన వంటయింటిని, అందలి పెద్ద పొయ్యిని చూచినప్పుడు నా కాళ్ళు అచ్చటనే నిలిచిపోయినవి. ఆ కాలమున వర్జీనియా తోటలలో బానిసలకు మొక్కజొన్నపిండిని కొలిచి యిచ్చెడివారు. వారు ఆ పిండిని నీటితో తడిపి, పలుచని ఇనుప రేకుమీదనో, వేడి బూడిదలోనో రొట్టెగా కాల్చుకొనిరి. రేషను బియ్యము కొలిపించుకొనుటకు వరుసలో నిలిచిన పెద్దలు మన లైనులలో నింకను ఉన్నారు గనుక, నేను దీనిని మీకు వివరింప నక్కరలేదు. పొయ్యి యెట్టిదైనను, చేతిలోనున్న పిండి యెట్టిదైనను, రొట్టె కాల్చుకొనుట మానవులకు సాధ్యమేయని మాత్రము నాకు తోచెను. ఆ సంగతి తరువాత నాకు పనికివచ్చినది.

ఇక బిస్కత్తుల మాట. అమెరికావారు వీనిని కుకీలందురు. చిన్న రొట్టె యను అర్థముగల డచ్చివారి మాటనుండి ఆ పేరు వచ్చినది.

ఒక ఉదయమున వంటింటి బల్లమీద రెండు అరటిపండ్లు నల్లబడి మెత్తనై యుండుట చూచి, చెత్తబుట్టలో వేయుటకు చేయి చాచితిని. "వద్దు పెద్దమ్మా! ఇంత మాగినవే నాకు కావలయును" అని మా అమ్మాయి వాటిని నా చేతినుండి తీసికొనెను. తొక్క తీసి, పళ్ళెములో వేసి, గరిటెతో ముద్దగా నలిపెను. అందులో ఒక గిన్నెడు ఓట్సు, అనగా సుమారు 90 గ్రాములు, చిటికెడు ఉప్పు, కొంచెము దాల్చినచెక్క పొడి కలిపెను. మరేమియు లేదు. మైదా లేదు, వెన్న లేదు, చక్కెర లేదు. ఓట్సు అనగా ఆవిరిలో మగ్గించి మన అటుకులవలె నొత్తిన ధాన్యము. అవి తడిని పీల్చుకొనునట్లు ముద్దను పది నిమిషములు ఊరనిచ్చెను. ఈ పది నిమిషములు విడువరాదు. విడిచినయెడల ముద్ద రేకుమీద జారిపోవును. పిమ్మట పండ్రెండు చిన్న బిళ్ళలుగా వేలితో నొత్తి, ఓవెనులో 175 డిగ్రీల వేడిమిలో పదునైదు నిమిషములు కాల్చెను. అడుగు బంగారురంగునకు తిరిగి, అంచులు గట్టిపడినప్పుడు తీసెను.

కరకరలాడు బిస్కత్తును కోరినవారు వీనిని తిని ఆశాభంగము పొందుదురు. బిస్కత్తునకు కరకర నిచ్చునవి చక్కెరయు, వెన్నయు, తడి తక్కువగా నుండుటయు. పండులో నీరు మిక్కుటము గనుక ఇవి మెత్తగా, అప్పమునకును రొట్టెకును నడుమ నుండును. తడి గలవి గనుక నిలువయుండవు కూడ. మన యెండలలో మరునాటికి తినివేయవలెను. చలిపెట్టెలో నాలుగు దినములుండును.

చక్కెర లేక తీపి యెక్కడినుండి వచ్చినదని అడుగుదురు. పచ్చి అరటికాయ కూరగా వండునప్పుడు చప్పగా నుండును. ఏలయనగా దానిలో నున్నది పిండి. కాయ మాగుకొలది పండులోని రసములే ఆ పిండిని విడగొట్టి చక్కెరగా మార్చును. తొక్కమీద నల్లమచ్చలు వచ్చునప్పటికి పిండి దాదాపు అంతయు చక్కెరయై పోవును. కావున తొక్క నలుపు చూచి భయపడ నక్కరలేదు. అయితే పండు కల్లువలె పులిసిన వాసన కొట్టినను, లోపల బూజు కనబడినను నిస్సందేహముగా పారవేయుడు. పొదుపు పేరిట రోగము తెచ్చుకొనరాదు.

మరియొక మాట యిచ్చట చెప్పి ముందుకు సాగుదును. అమెరికా అంగళ్ళలో చక్రకేళి లేదు, అమృతపాణి లేదు. కావెండిషు అను ఒకే జాతి పండు ప్రతి యంగడిలోను గుట్టలుగా నుండును. అందులో ఎక్కువ భాగము గ్వాటిమాల మొదలగు దేశములనుండి ఓడలమీద వచ్చును. గెల కోసి, భుజముమీద మోసి, కడిగి, పెట్టెలలో సర్దువారు అచ్చటి తోటపనివారే. ఇది విన్నది మొదలు ఆ పండును పారవేయుటకు నాకు చేతులు రాలేదు.

ఓట్సులో బీటా గ్లూకాను అను ఒక విధమైన పీచు గలదు. అది కడుపులో జిగురుగా మారి, ఆకలిని మెల్లగా తీర్చును. రక్తములోని కొలెస్టరాలును కొంత తగ్గించును. దినమునకు 3 గ్రాముల బీటా గ్లూకాను గుండెకు మేలని ఓట్సు పొట్లములమీద వ్రాసికొనుటకు అమెరికా ప్రభుత్వపు ఆహార శాఖ 1997లో అనుమతి నిచ్చెను. అయితే ఆ 3 గ్రాములకు రమారమి 60 మొదలు 75 గ్రాముల ఓట్సు తినవలెను. రెండు బిస్కత్తులలో నుండునది 15 గ్రాములు మాత్రమే! కనుక వీనిని మందని యెవరైన చెప్పినయెడల నమ్మకుడు. ఇది మంచి పలహారము, అంతే.

ఇప్పుడు పొరపాటు సంగతి. మా అమ్మాయి అత్తగారు పండ్రెండేండ్లనుండి మధుమేహముతో బాధపడుచున్నారు. ఎంతో నియమముగల మనిషి. టీలో చక్కెర ముట్టరు. ఆ మధ్యాహ్నము మేమిద్దరమే యింటనుండగా, "వదినగారూ, ఇందులో చక్కెర లేదట కదా" అని ఒకటి తీసికొనిరి. మాటలలో మరియొకటి. చూచుచుండగా ఆరు తినిరి. నేనును వారింపలేదు, నిజము చెప్పవలెనన్న, నేనే పళ్ళెము ముందుకు జరిపితిని. సాయంకాలము వేలు గ్రుచ్చి రక్తము పరీక్షించుకొనగా, ఎల్లప్పుడు 150 దరిదాపుల నుండునది 240 చూపెను. ఆమె ముఖము చిన్నబోయినది. "చక్కెర లేదంటివి గదమ్మా" అని కోడలితో అనిరి. కోడలు కండ్ల నీరు పెట్టుకొనెను.

రాత్రి మేము ముగ్గురము కాగితము పెన్సిలు తీసికొని లెక్క వేసితిమి. ఒక్కొక్క అరటిపండులో 27 గ్రాముల పిండిపదార్థము. అందులో 14 గ్రాములు పండు చక్కెరయే. ఓట్సులో సుమారు 60 గ్రాములు. మొత్తము పండ్రెండు బిళ్ళలకు పంచినయెడల ఒక్కొక్కదానికి తొమ్మిదిన్నర గ్రాములు. ఆరు బిస్కత్తులనగా 57 గ్రాములు. ఒక గిన్నెడు వండిన అన్నములో నుండునది 45. అనగా ఆమె భోజనమైన పిమ్మట మరల గిన్నెడు అన్నమునకు మించి తిన్నట్లాయెను! చక్కెర వేయలేదనుట వేరు, చక్కెర లేదనుట వేరు. మా అమ్మాయి చెప్పినది మొదటిది. మేము విన్నది రెండవది. మీ యింటిలో మధుమేహముగల పెద్దలున్నయెడల ఒకటి రెంటికి మించి పెట్టకుడు. పెట్టిననాడు అన్నము ఆ మేరకు తగ్గించుడు. పండ్లరసము, ఎండుద్రాక్ష, ఖర్జూరము చేర్చినయెడల లెక్క మరింత పెరుగును.

అట్లయిన దీనిలో లాభమేమి? అంగడి బిస్కత్తు పొట్లమును త్రిప్పి, వెనుకనున్న చిన్న అక్షరములు చదివి చూడుడు. చదువురానివారు పిల్లలచేత చదివించుడు. చాల పొట్లములమీద మొదట మైదా, రెండవది చక్కెర, మూడవది పామాయిలు అని యుండును. చవుకగా దొరకు గ్లూకోసు బిస్కత్తులలో నూరు గ్రాములకు పాతిక గ్రాముల చక్కెర యుండుట సామాన్యము. పెద్దవారికి బయటనుండి చేర్చిన చక్కెర దినమునకు 50 గ్రాములకు మించరాదనియు, 25 గ్రాములకు లోబడినయెడల మరింత మంచిదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో తెలియజేసెను. పిల్లలకు అంతకంటె తక్కువ. తియ్యని టీ రెండు గ్లాసులు, బిస్కత్తులు ఒక పొట్లము అయినప్పటికి పిల్లవాని లెక్క బడి గంటకు ముందే నిండిపోవును. పండును పండుగా తిన్నప్పుడు వచ్చు తీపి ఈ లెక్కలో చేరదు. దానితోకూడ పీచు వచ్చును. నా తరగతిలో పుచ్చిన పండ్లు లేని పిల్లలను వేళ్ళమీద లెక్కింపవచ్చును. అందుచేత ఈ విషయమై ఇంత పొడుగుగా వ్రాయుచున్నాను.

తోటకు తిరిగివచ్చిన పిమ్మట నేనే ప్రయత్నించితిని. ఓవెను లేదు. ఓట్సు మన అంగళ్ళలోను దొరకుచున్నవి గాని వెల ఎక్కువ. సల్లీ వంటయింటి పొయ్యి నాకప్పుడు జ్ఞాపకము వచ్చెను. దానికంటె ముందు మా అమ్మమ్మ జ్ఞాపకము రావలసినది. ఆమె మందపాటి గిన్నెలో దిబ్బరొట్టె వేసి, మూతమీద నిప్పులు పోసి, పైనను క్రిందను కాల్చెడిది. తాటిపండు గుజ్జులో బియ్యపురవ్వ కలిపి తాటిరొట్టెయు అట్లే కాల్చెడిది. మాగిన పండుతో రొట్టె కాల్చుట మనకు అమెరికావారు నేర్పవలసిన విద్య కాదు!

ఓట్సునకు బదులు రాగిపిండి మాత్రమే వేసి మొదటిసారి చేయగా అవి రాళ్ళవలె గట్టిపడినవి. మా యింటి కోడి కూడ పొడిచి విడిచిపెట్టెను. రెండవసారి కుదిరినది. మాగిన అరటిపండ్లు రెండు, దోరగా వేయించిన రాగిపిండి ముప్పాతిక గిన్నె, బరకగా నలిపిన అటుకులు అర గిన్నె, వేయించి దంచిన వేరుసెనగపొడి రెండు గరిటెలు, చిటికెడు ఉప్పు, ఉన్నయెడల ఒక గ్రుడ్డు. విశాఖ, విజయనగరములవైపు చోళ్ళనునవి ఈ రాగులే. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నము గలదు. బియ్యములో దానికి అనేక రెట్లు తక్కువ. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన పిమ్మట పట్టణములలో దీనికి గౌరవము పెరిగినది. మన తాతలకు అది కూలివారి తిండి.

కాల్చు విధము: పాత మందపాటి గిన్నెలో అంగుళము మందమున పొడి ఇసుక పోసి, మూతపెట్టి, పది నిమిషములు వేడిచేయుడు. ఇసుకమీద చిన్న ముక్కాలిపీట పెట్టి, నూనె రాచిన పళ్ళెములో బిళ్ళలుంచి దానిపై నిలుపుడు. మూతపెట్టి సన్నని సెగమీద ఇరువది అయిదు నిమిషములుంచుడు. కుక్కరు వాడినయెడల మూతలోని రబ్బరు చుట్టును, విజిలును తప్పక తీసివేయుడు. గిన్నె కూడ లేనివారు పెనముమీద మూతపెట్టి రెండు ప్రక్కల కాల్చుకొనవచ్చును. అయిదేండ్లలోపు పిల్లలకు వేరుసెనగ గింజలు గింజలుగా వేయకుడు. గొంతుకు అడ్డుపడును, పొడి మాత్రమే వేయుడు. పని దినములలో ఇది సాగదని నాకు తెలియును. ఆదివారము మధ్యాహ్నము చేసినయెడల సోమవారము ఉదయమునకు వచ్చును.

షాంటిలీనుండి మొన్న ఫోను వచ్చెను. మా వదినగారు ఇప్పుడు తమ రెండు బిళ్ళలను తామే లెక్కించి వేరు పళ్ళెములో పెట్టుకొనుచున్నారట. మిగిలినవాటిని మనుమలకు దాచుచున్నారట. తాటిపండు గుజ్జుతో ఈ విధముగా చిన్న బిళ్ళలు కాల్చిన తల్లులెవరైన నున్నయెడల, వారి కొలతలను బడిపిల్లలచేత వ్రాయించి పంపుడు. రాబోవు సంచికలో ప్రకటింతుము.