పాత ఫోటోలో ఏది మచ్చ, ఏది మరక?

పిల్లలూ, ఇండియాలో మీ తాతయ్య వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ముందుగదిలో గోడ మీద ఒక పాత ఫోటో చూసే ఉంటారు. నల్లటి చెక్క ఫ్రేము, దానికి ఒక దండ, అద్దం మీద కుంకుమ బొట్టు. ఫోటోలో మనిషి నవ్వరు. కుర్చీలో నిటారుగా కూర్చుని మన వైపే చూస్తుంటారు. ఎవరని అడిగితే "మీ ముత్తాతగారు" అనో, "మీ తాతమ్మ" అనో చెప్తారు. తాతమ్మ అంటే అమ్మమ్మకో నానమ్మకో అమ్మ. కొన్ని ఇళ్ళల్లో ముత్తవ్వ అంటారు. మీ ఇంట్లో ఏమంటారో కనుక్కోండి.

మా తాతమ్మకి ఉన్నది ఒకే ఒక్క ఫోటో. అది పాడైపోయింది. దాన్ని కంప్యూటర్లో ఎలా బాగుచేశానో చెప్తాను. అంతకంటే ముందు ఎలా చెడగొట్టానో కూడా చెప్పాలి.

పాత ఫోటో ఎందుకు పాడవుతుందో తెలియాలంటే అది దేనితో చేసిందో తెలియాలి. నలుపు తెలుపు ఫోటో అంటే కాగితం మీద జెలటిన్ అనే సన్నని పొర, ఆ పొరలో వెండి నలుసులు. నలుసు అంటే కంటికి సరిగ్గా కనబడనంత చిన్న ముక్క. వెండి అంత చిన్నగా ఉంటే మెరవదు, నల్లగా కనిపిస్తుంది. తాతమ్మ జుట్టు, కళ్ళు, చీర అంచు, అన్నీ వెండే అన్నమాట! ఇంట్లో వెండి కుందులు కొన్నాళ్ళకి నల్లబడతాయి కదా, గాలి తగిలి ఈ నలుసులు కూడా మారిపోతాయి. ఫోటో పసుపుపచ్చగా వెలిసిపోతుంది.

ఇక జెలటిన్. కొన్ని గమ్మీ మిఠాయిల్లో వేసేది కూడా ఇదే. జంతువుల ఎముకల నుంచీ, తోలు నుంచీ తీస్తారు. కాబట్టి అది తిండి లాంటిదే. వానాకాలంలో తడి తగిలితే దానికి బూజు పడుతుంది. (బూజు అనే మాటకి రెండు అర్థాలున్నాయి. గది మూలల్లో వేలాడే సాలెగూళ్ళనీ బూజే అంటాం, పాత రొట్టె మీద పెరిగేదాన్నీ బూజే అంటాం. ఇక్కడ రెండోది.) పాత పుస్తకం తెరిస్తే గబగబా పరిగెత్తే వెండిరంగు పురుగు ఒకటుంటుంది. అది కూడా ఈ పొరని గీకి తినేస్తుంది. తడిసిన జెలటిన్ జిగురులా మారి ఫ్రేము అద్దానికి అతుక్కుపోతుంది కూడా.

మా ఫోటోకి ఇవన్నీ జరిగాయి. ఫ్రేము అద్దం పైభాగం ఎప్పుడో పగిలి ఊడిపోయింది. ఆ సందులోంచి పురుగులు దూరాయి. పండగ రోజు ఎవరో బొట్టు నేరుగా ఫోటో మీదే పెట్టేశారు. అద్దం మిగిలిన చోట ఫోటో దానికి అంటుకుపోయింది. మా తమ్ముడు ఒక మూల పట్టుకుని మెల్లగా లాగి చూశాడట. కాగితం వచ్చింది కానీ బొమ్మ ఉన్న పొర అద్దానికే ఉండిపోయింది. "ఇంక ముట్టుకోకురా బాబూ" అని ఫోన్లోనే అరిచాను. మీ ఇంట్లో అలాంటి ఫోటో ఉంటే పీకకండి. తడిగుడ్డతో తుడవకండి. చిరిగితే వెనక సెల్లోటేపు కూడా అంటించకండి, దాని జిగురు కొన్నేళ్ళకి పచ్చటి మరకవుతుంది. అద్దంతో సహా స్కాన్ చేయించుకోవచ్చు. స్కానర్ లేకపోతే కిటికీ దగ్గర పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా, ఫోను ఫోటోకి సమానంగా పట్టుకుని తీయమనండి. మా వాడు మొదట ట్యూబులైటు కింద తీసి పంపాడు. తాతమ్మ నుదుటి మీద ట్యూబులైటు!

తర్వాత స్టూడియోలో 600 డీపీఐతో స్కాన్ చేయించాడు. అంటే ఒక్కో అంగుళానికి 600 చుక్కలు. ఫోటో 4 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవు. 2400ని 3600తో గుణిస్తే 86 లక్షల 40 వేల చుక్కలు. నలుపు తెలుపు ఫోటోనే అయినా రంగుల్లో స్కాన్ చేయమని చెప్పాను. ఎందుకో చూడండి, ఈ పనంతటిలో నాకు బాగా నచ్చిన సంగతి ఇదే.

కంప్యూటర్లో ఒక్కో చుక్కకి మూడు అంకెలుంటాయి. ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని. 0 అంటే అసలు లేదు, 255 అంటే నిండుగా ఉంది. తెల్ల కాగితానికి మూడూ ఎక్కువే. కుంకుమ మరకకి ఎరుపు ఎక్కువ, మిగతా రెండూ తక్కువ. పసుపు మరకకి ఎరుపు, ఆకుపచ్చ ఎక్కువ, నీలం తక్కువ. ఇప్పుడు ఎరుపు అంకెలు మాత్రమే ఉంచి మిగతా రెండూ పక్కన పెడితే ఏమవుతుంది? కాగితానికీ ఎరుపు ఎక్కువే, కుంకుమకీ ఎక్కువే, పసుపుకీ ఎక్కువే. తేడా కనబడదు, మరకలు మాయం! ఉచితంగా దొరికే గింప్ లాంటి ప్రోగ్రాముల్లో కూడా ఇలా విడదీయవచ్చు. నల్లటి జుట్టు మీద పడిన మరక మాత్రం పూర్తిగా పోలేదు, కొంచెం మిగిలింది.

మిగిలినవాటిని బ్రష్షుతో సరిచేయాలి. రెండు రకాల పనిముట్లున్నాయి. క్లోన్ అనేది చిరిగిన చొక్కాకి మాసిక వేయడం లాంటిది. పక్కన బాగున్న ముక్కని తీసి యథాతథంగా ఇక్కడ అతికిస్తుంది. హీల్ అనేది రఫ్ఫు చేయడం లాంటిది. పక్కనుంచి నేత మాత్రం తీసుకుని, రంగు చుట్టూ ఉన్నదానితో కలిపేస్తుంది. బుగ్గ, నుదురు లాంటి చోట్ల రఫ్ఫు బాగుంటుంది. చీర అంచు, కుర్చీ చెయ్యి లాంటి గీతలున్న చోట రఫ్ఫు చేస్తే గీత అలికేసినట్టవుతుంది, అక్కడ మాసికే మంచిది. ముందు వెనక తెర, తర్వాత చీర, చివరికి ముఖం. చెయ్యి అలవాటు పడేలోగా తప్పులు తెర మీద పడితే ఎవరూ చూడరు.

నేనేమో అంత ఓపిక లేక, ఒక్క బటన్ నొక్కితే ఫోటో బాగుచేసే ఏఐ ప్రోగ్రాములో పెట్టాను. అర నిమిషంలో వచ్చేసింది. ఎంత అందంగా ఉందో! నున్నటి బుగ్గలు, మెరిసే కళ్ళు. వెంటనే అమ్మమ్మకి వీడియో కాల్ చేసి చూపించాను.

అమ్మమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది. "ఎవరే ఈ పిల్ల? బాగుంది," అంది.

"నీ అమ్మే, అమ్మమ్మా!"

"మా అమ్మేంటి? మా అమ్మ ముఖం నిండా మచ్చలుండేవి కదే."

తాతమ్మకి చిన్నప్పుడు మశూచి వచ్చింది. పెద్దలు దాన్ని అమ్మవారు పోసింది అంటారు. చాలామంది చనిపోయేవారు, బతికినవాళ్ళ ముఖం మీద చిన్న చిన్న గుంటల్లా మచ్చలు మిగిలిపోయేవి. ఇండియాలో ఆ జబ్బు చివరిసారి 1975లో కనిపించింది. 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. అందుకే మీరెవరూ అలాంటి ముఖం చూసి ఉండరు. ఏఐ ప్రోగ్రాములు బోలెడన్ని ముఖాలు చూసి, ముఖం అంటే ఇలా ఉంటుందని నేర్చుకుంటాయి. తాతమ్మ మచ్చలు దానికి ఫోటో పాడైన చోట్లలాగా కనిపించాయి, తుడిచేసింది. నిద్రపోయేటప్పుడు వాళ్ళమ్మ బుగ్గ మీద వేలు పెట్టి ఆ గుంటలు లెక్కపెట్టేదాన్నని అమ్మమ్మ చెప్పింది. ఆ ముఖాన్ని కళ్ళతో చూసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది మా అమ్మమ్మ ఒక్కతే. ఆవిడకి ఎనభై దాటాయి.

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి పెద్ద చిక్కు ఏంటంటే, ఏది మచ్చ, ఏది మరక? తెలుగులో ఈ రెండు మాటలూ వేరు. ఒంటి మీద ఉండేది మచ్చ. బట్ట మీదో కాగితం మీదో పడేది మరక. ఫోటోని బాగా పెద్దది చేసి చూస్తే తేడా తెలుస్తుంది. బూజు చుక్కలకి ముఖమో గోడో తెలియదు. బుగ్గ మీద మొదలై చెవి దాటి వెనక తెర మీదకి కూడా వెళ్ళిపోతాయి. మచ్చ చర్మం దాటదు. మచ్చ ఒక గుంట కాబట్టి దానికి ఒక పక్క నీడ, ఒక పక్క వెలుగు ఉంటుంది. తాతమ్మ ముక్కు నీడ ఎటు పడిందో మచ్చల నీడ కూడా ఆ ప్రకారమే ఉంటుంది. పురుగు తిన్నచోట నీడ ఏమీ ఉండదు, అంచు గీసినట్టుండి లోపల తెల్ల కాగితం కనిపిస్తుంది.

ఇలా చూసుకుంటూ పోతే పది పన్నెండు చుక్కలు తేలలేదు. వాటిని అమ్మమ్మకి స్క్రీన్ మీద ఒక్కోటీ చూపించాను. "అది ఉంది. అది లేదు. అదీ ఉంది, కంటి కిందది." గడ్డం దగ్గర ఒకటి ఆవిడకీ గుర్తులేదు. అది అలాగే ఉంచేశాను.

ముక్కు దగ్గర ఇంకో ఇబ్బంది. ఒక పక్క ముక్కుపుడక స్పష్టంగా ఉంది. రెండో పక్క పురుగు తినేసింది. ఇలాంటప్పుడు చాలామంది బాగున్న సగాన్ని అద్దంలోలాగా తిప్పి అతికిస్తారు. నేనూ అదే చేయబోయాను. "రెండో వైపుది అమ్మేసుకున్నాం. చిల్లు పూడిపోకుండా చీపురుపుల్ల ముక్క పెట్టుకునేది," అంది అమ్మమ్మ. చీపురుపుల్ల ఎలా ఉండేదో నాకెలా తెలుస్తుంది? గీయలేదు. ముక్కు ఆకారం వరకూ పూర్తిచేసి, పుడక పెట్టకుండా వదిలేశాను. తిప్పి అతికించడంలో ఇంకో తప్పు కూడా వస్తుంది. వెలుగు ఒక వైపు నుంచే పడుతుంది కదా, తిప్పిన ముక్కలో నీడ వ్యతిరేకంగా ఉంటుంది. కళ్ళ విషయంలోనైతే రెండు కళ్ళలో మెరుపు రెండు వైపులా ఉండి చూపు వింతగా కనిపిస్తుంది.

ఫోటోలు మార్చడం కంప్యూటర్లతోనే మొదలైందనుకోకండి. పాత స్టూడియోల్లో నెగటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిలుతో ముడతలు, మచ్చలు కప్పేసేవారు. తాతమ్మ ఫోటో తీసినాయన మాత్రం ఆ పని చేయలేదు. డబ్బులు ఎక్కువ అడిగాడో, ఆవిడే వద్దందో!

ఇప్పుడు నా దగ్గర మూడు ఫైళ్ళున్నాయి. ముట్టుకోని స్కాన్ ఒకటి, నేను బాగుచేసింది ఒకటి, ఏఐ చేసింది ఒకటి. మూడింటికీ పేర్లు తెలుగులోనే పెట్టాను. అసలుది, బాగుచేసింది, "ఎవరే ఈ పిల్ల".

ఈ వారం మీ పని: మీ ఇంట్లో అన్నిటికన్నా పాత ఫోటో ఒకటి వెతకండి. అందులో మనిషిని చూసినవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకి ఫోన్ చేసి తెలుగులో అడగండి. "ఈవిడ మీకు ఏమవుతారు? ముఖం మీద మచ్చలుండేవా? ఈ చీర ఏ రంగు? చేతికి ఆ గాజులు ఎవరివి?" వాళ్ళు చెప్పింది చెప్పినట్టే, వాళ్ళ మాటల్లోనే కింది గీతల మీద రాయండి. అర్థం కాని మాట వస్తే వినబడినట్టు రాసేసి, దాని కింద గీత గీయండి. క్లాసులో చూద్దాం.